ఆనెకాయలో ‘ఆనె’ ఏమిటి?

హిందూపురం మనిషి (చర్చ మొదలుపెట్టినవారు)

గుంపులో పెద్దలకు నమస్కారం. ఒక నవ్వులాటతో మొదలైన సందేహం ఇది.

మా నాన్నకి కుడి అరికాల్లో, చిటికెన వేలి మొదట్లో ఆనెకాయ లేచింది. మాది హిందూపురం, నేను ఉద్యోగం చేసేది బెంగళూరులో. నాన్నని ఇక్కడే ఇంటి దగ్గర ఒక చిన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఏం బాధ అని అక్కడి కాంపౌండరు కన్నడంలో అడిగాడు. నాన్న ధైర్యంగా, తనకొచ్చిన కన్నడంలో ‘కాలల్లి ఆనెకాయి’ అన్నారు. కాంపౌండరు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, తర్వాత కాళ్ల వైపు చూసి, ‘ఆనెకాలా?’ అంటూ చీటీ మీద ఏదో రాయబోయాడు.

కన్నడంలో ఆనె అంటే ఏనుగు కదా. ఆనెకాలు అంటే మన బోదకాలు. కాయి అంటే కొబ్బరికాయ కూడా. మా నాన్న చెప్పింది అతని చెవికి ‘కాల్లో ఏనుగు కొబ్బరికాయ’ అని వినపడి ఉంటుంది. ప్యాంటు పైకి లాగి పాదం చూపిస్తే తప్ప సంగతి తేలలేదు.

ఇంటికొచ్చాక నాకు పట్టుకున్న పురుగు వేరు. కాయ అంటే తెలుసు, పని చేసి చేసి చేతులు కాయలు కాస్తాయి. మరి ఈ ఆనె ఎక్కడిది? ఏనుగుతో మటుకు చుట్టరికం లేదనే అనుకుంటున్నాను.

చిత్తూరు కోడలు

ఏనుగు కాదబ్బా, మేకు! మా పక్క సగం మంది ‘కాలాణి’ అనే అంటారు. అది తమిళం. తమిళంలో ఆణి అంటే మేకు. గోడకి కొట్టేదీ ఆణే, కాల్లో దిగేదీ ఆణే. మలయాళం వాళ్లు ఆణిరోగం అంటారు. మీ బెంగళూరు కాంపౌండరుతో ‘ఆణి’ అనుంటే గబుక్కున అర్థమయ్యుండేది, కన్నడంలోనూ అదే మాట. తమిళ ణకారం మన దగ్గర నకారం కావడం మామూలే. వాళ్ల కణ్ మనకి కన్ను, వాళ్ల మణ్ మనకి మన్ను, వాళ్ల వెణ్ణెయ్ మనకి వెన్న. ఆణి ఆనె అయింది, అంతే.

రిటైర్డు తెలుగు పంతులు

అమ్మా, ‘అంతే’ అని అంత తొందరగా తలుపు మూసెయ్యకండి. న-ణల మార్పు ఒప్పుకున్నాను. కానీ ఆణి మనకి ఆని కావాలి గాని ఆనె ఎందుకయింది? చివరి అచ్చు దగ్గర మీ మేకు వంగిపోతోంది.

నా లెక్కలో ఇది ఆను అనే క్రియ. గోడకి ఆనుకుని కూర్చున్నాడు, నిచ్చెన చెట్టుకి ఆనించు, చూపు సరిగా ఆనడం లేదు అంటాం. తగలడం, ఒత్తుకోవడం, భారం మోపడం అన్నీ ఆ క్రియలో ఉన్నాయి. పాదం నేలకి ఎక్కడ ఆనుతుందో అక్కడ కాసే కాయ ఆనెకాయ. కాలి వంపులో, నేల తగలని చోట ఆనెకాయ వచ్చినవాణ్ణి ఎవరైనా చూశారా?

చిత్తూరు కోడలు

మాస్టారూ, మీ మాట అందంగా ఉంది, అందుకే అనుమానం. వినడానికి బాగున్న వ్యుత్పత్తుల్లో చాలా భాగం తర్వాత అతికించినవే. పైగా సంస్కృతంలో కూడా ఆణి ఉంది, బండి ఇరుసు కొసన చక్రం జారిపోకుండా దిగ్గొట్టే కడసీల. మేకు పక్షాన సాక్షులు ఎక్కువ.

ఆయుర్వేదం చదువుకుంటున్న పిల్ల

మేకు పక్షానికి ఇంకో సాక్షిని తెచ్చాను. సుశ్రుత సంహిత నిదానస్థానంలో క్షుద్రరోగాలని ఒక అధ్యాయం ఉంది. పాదాల జబ్బులు చాలా అందులోనే కనిపిస్తాయి. పగుళ్లకి పాదదారి, వేళ్ల సందులు నాని పాచిపోయి దురద పెట్టేదానికి అలసం, మన ఆనెకాయకి కదరం అని పేర్లు. కదరాన్ని వర్ణిస్తూ కీలలా గట్టిపడిన గడ్డ, రేగుపండంత ఉంటుంది అంటాడు. కీల అంటే మేకే కదా.

కారణం చెప్పిన మాట ఇంకా బాగుంటుంది. శర్కర వల్ల నలిగిన పాదానికీ, ముల్లు గుచ్చుకున్న పాదానికీ వస్తుందట. ఇక్కడ శర్కర అంటే గులకరాయి. మా క్లాసులో ఒకడు పంచదార ఎక్కువ తింటే ఆనెకాయలు వస్తాయని రాసి సున్నా తెచ్చుకున్నాడు.

కరీంనగర్ పోరడు

సున్నా ఎందుకేసిండ్రు, పాపం! షుగర్ ఉన్నోళ్లకే గదా కాళ్లు ఖరాబయ్యేది. సగం మార్కులన్న ఇయ్యాలె.

విశాఖ చర్మాల డాక్టరు

కరీంనగర్ తమ్ముడితో ఏకీభవిస్తున్నాను, అయితే వేరే కారణానికి. షుగరు వల్ల ఆనెకాయ రాదు, కానీ షుగరున్నవాడికి వచ్చిన ఆనెకాయ అతి ప్రమాదం. అది తర్వాత చెబుతాను.

ముందు మాట సంగతి. లాటిన్‌లో ఆనెకాయని క్లావస్ అంటారు. దానర్థం మేకే! మా పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరుంది. ఇంగ్లీషు వాళ్ల ‘కార్న్’కీ మొక్కజొన్నకీ సంబంధం లేదు. అది లాటిన్ ‘కొమ్ము’ నుంచి వచ్చిన మాట. జర్మన్లు, చైనావాళ్లు దీన్ని కోడి కన్ను అంటారు, జపాన్‌వాళ్లు చేప కన్ను అంటారు. హిందీలో గోఖ్రూ, అంటే పల్లేరు కాయ. కాబట్టి మేకో ముల్లో కన్నో, లోకమంతా దాని రూపాన్ని చూసో, పోటుని తలుచుకునో పేరు పెట్టింది.

మాస్టారి వ్యుత్పత్తి భాషాశాస్త్రం ముందు నిలుస్తుందో లేదో నాకు తెలియదు గాని, వైద్యం ముందు మాత్రం అదొక్కటే నిలుస్తుంది. మిగతా పేర్లన్నీ నా రోగుల్ని తప్పుదారి పట్టించాయి. మేకు అన్నా ముల్లు అన్నా మనిషి బుర్రలోకి వెంటనే వచ్చే ఆలోచన ఒకటే, లోపల ఏదో దిగబడింది, దాన్ని లాగెయ్యాలి అని. ‘వేరు ఉండిపోయిందండీ, అందుకే మళ్లీ వచ్చింది’ అంటూ బ్లేడు గాట్లతో వస్తారు. ఆనెకాయకి వేరు లేదు. ఎముక లోపలి నుంచి, చెప్పో నేలో బయటి నుంచి ఒత్తుతుంటే మధ్యలో నలిగిన చర్మం తనని తాను కాపాడుకోవడానికి పొర మీద పొర వేసుకుంటుంది. ఆ గట్టి చర్మం గరాటులా, మొన లోపలికి తిరిగి ఉంటుంది. ఆ మొన పోటునే మనం మేకు అనుకుంటాం. ఎంత తవ్వి తీసినా ఒత్తిడి పోకపోతే మళ్లీ కాస్తుంది, ఎందుకంటే అది కాయే.

గోదావరి జిల్లా గృహిణి

డాక్టరు గారూ, మా అమ్మమ్మ జీడి పెట్టేదండి. జీడిపప్పు జీడి కాదండోయ్, నల్లజీడి, చాకలి వారు బట్టల మీద గుర్తులు పెట్టేది. గింజని సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తే కారే నూనెని కాలి పగుళ్లకీ ఆనెకీ చుక్కలుగా పెట్టేది. ‘జీడి పెట్టించుకో’ అంటే చాలు, పిల్లలం వీధి చివరకి పరిగెత్తేవాళ్లం.

విశాఖ చర్మాల డాక్టరు

పరిగెత్తి మంచి పని చేశారండి. ఆ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. కొందరికి పెట్టినచోటే కాకుండా చుట్టుపక్కలంతా పొక్కి రసి కారుతుంది. జీడి పొక్కులని మీ ఊళ్లోనే పేరుండాలి దానికి. పగుళ్లకి అంత శిక్ష అక్కర్లేదు. రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాసేపు పాదాలు ఉంచి, తుడిచి, తడి ఆరకముందే యూరియా ఉన్న క్రీమో వాజ్‌లీనో దట్టంగా రాసి మేజోళ్లు తొడుక్కుని పడుకుంటే చాలు. వెనక పట్టీ లేని చెప్పుల్లో మడమ నలువైపులా చెదిరి పగుళ్లు పెరుగుతాయి. అయ్యప్ప మాల 41 రోజులు పూర్తయ్యాక నా దగ్గరికి వచ్చే మడమల్ని చూస్తే బీటలు వారిన చెరువు గుర్తొస్తుంది.

ఆనెకాయకి మందుల షాపులో దొరికే గుండ్రటి పట్టీలు ఉంటాయి, కార్న్ క్యాప్ అని అడుగుతారు. అందులో ఉండేది 40 శాతం సాలిసిలిక్ ఆమ్లం. అది గట్టి చర్మాన్ని మెత్తబరుస్తుంది. పట్టీ సరిగ్గా కాయ మీదే పడాలి. ఆమ్లానికి మంచి చర్మం, చెడ్డ చర్మం అనే తేడా తెలియదు.

ఇంకో పొరపాటు. అరికాల్లో గట్టిగా ఉన్నదల్లా ఆనె కాదు, పులిపిరి కావచ్చు. నేరుగా నొక్కితే నొప్పి పుడితే ఆనె అనుకోవచ్చు. రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టుకుంటే ప్రాణం పోతే పులిపిరి. పైపొర గీకితే నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. ఆనె ఎవరికీ అంటదు.

హైదరాబాదు ఐటీ ఉద్యోగి

సార్, పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మడమలో సూదులు దిగినట్టు ఉంటుంది, పది అడుగులు నడిస్తే తగ్గిపోతుంది. ఇది కూడా ఆనెనా?

విశాఖ చర్మాల డాక్టరు

కాదు. మడమ శూల. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీలాంటి పొర ఉంటుంది, అది మడమకి అతికే చోట నొప్పి. పిక్కలు, అరికాలు సాగదీసే వ్యాయామం, మెత్తటి మడమ ఉన్న చెప్పులు, ఓపిక. నెలలు పడుతుంది. ఎముకల డాక్టరుకి చూపించండి, నేను చర్మం దాటి లోపలికి వెళ్లను.

గుంపు నిర్వాహకులు

సభ్యులకు మనవి. ఇది భాషా గుంపు, ఓపీ కాదు. కాళ్ల ఫొటోలు పెడుతున్నవారు దయచేసి తీసేయండి. ఇప్పటికి 4 వచ్చాయి, అందులో ఒకటి నేను భోజనం చేస్తుండగా.

కరీంనగర్ పోరడు

మాట మీదికే వస్త సార్. మొదటి పోస్టుల ఆనెకాలు, బోదకాలు అన్నరు గద. మా దిక్కు ఫైలేరియా అంటేనే మందికి ఎక్కువ తెలుసు. ఆసరా పింఛన్లల్ల వాళ్లను గూడ చేర్చినంక కాగితాల మీద ‘బోదకాలు బాధితులు’ అని వచ్చింది, గప్పటిసంది ఊర్లె ముసలోళ్లు గూడ బోదకాలు అనవట్టిరి. సర్కారు రాస్తె మాట బతుకుతదని నాకు గప్పుడు ఎరుకైంది.

ఏనుగు పేరు పెట్టకపోవుడు తెలుగోళ్లు చేసిన మంచి పని అనిపిస్తది నాకు. మా పెద్దమ్మకు ఉండె. ఏనుగు కాలు అని ఎవడన్న అంటే ఏడ్చేది.

విశాఖ చర్మాల డాక్టరు

మంచి మాట చెప్పావు తమ్ముడూ. దోమకాటుతో వచ్చే పురుగు అది. ఊరూరా ఏడాదికోసారి పంచే మాత్రలు అందరూ మింగితేనే ఊరికి తెగులు వదులుతుంది. వాచిన కాలు మాత్రం మాత్రలతో మామూలుగా అవదు. రోజూ సబ్బుతో కడిగి, ముఖ్యంగా వేళ్ల సందులు తడి లేకుండా అద్దుకోవాలి. ఆ పిల్ల చెప్పిన అలసం ఉంది చూశారా, వేళ్ల మధ్య పాచిపోయిన ఆ చోటు నుంచే క్రిములు దూరి, చలిజ్వరం వచ్చి, కాలు ఇంకాస్త వాచిపోతుంది.

ఇందాక తర్వాత చెబుతానన్న షుగరు సంగతి. ఏళ్ల తరబడి షుగరున్నవారిలో పాదం మొద్దుబారుతుంది. నేను వాళ్లని ఒక ప్రశ్న అడుగుతాను, ‘నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా?’ అని. ‘అవునండీ, వెనక వచ్చేవాళ్లు పిలిచి చెబుతున్నారు’ అంటే ఇక వాళ్లు ఆనెకాయ మీద బ్లేడూ పెట్టకూడదు, ఆమ్లం పట్టీ కూడా అంటించకూడదు. ఆ పాదానికి నొప్పి లేదు గనక కింద పుండు పడినా తెలియదు. డాక్టరే చూడాలి. మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వేసుకోవాలి, రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవాలి.

నిర్వాహకులు క్షమించాలి, ఓపీ మూసేశాను.

రిటైర్డు తెలుగు పంతులు

డాక్టరు గారు నా వైపు మాట్లాడారు గనక ఆ ఓపీ కొనసాగినా నాకు అభ్యంతరం లేదు. ఒక్క ముక్క. మరాఠీలో ఆనెకాయని కురూప అంటారట. కదరం నుంచి కురూపం దాకా ఇన్ని పేర్లలో ఎవరూ కారణాన్ని పేరుగా పెట్టలేదు. తెలుగువాడు పెట్టాడని నేనంటే స్వభాషాభిమానం అంటారు.

చిత్తూరు కోడలు

అంటాం మాస్టారూ. ఆధారం చూపించే దాకా అంటూనే ఉంటాం. ‘ఆను’ నుంచి ‘ఆనె’ అనే నామం ఇంకెక్కడన్నా వాడుకలో ఉంటే తెండి, నా మేకు నేనే పీకేసుకుంటా.

హిందూపురం మనిషి

అందరికీ ధన్యవాదాలు. నిన్న నాన్నని చర్మాల డాక్టరుకి చూపించాం. మెత్తబరిచి పైపైన చెక్కేశారు, నొప్పి సగానికి దిగింది. పులిపిరి కాదట. షుగరు పరీక్ష కూడా చేయించాం, లేదు. మూల కారణం ఆయన పెళ్లిళ్లకి వేసుకునే ఇరుకు బూట్లు, వాటినే ఈమధ్య రోజూ నడకకి వేసుకుంటున్నారు.

కొత్త చెప్పులు కొనడానికి వెళ్లాం. కుర్రాడు ఒక జత తొడిగి నడవమన్నాడు. నాన్న నాలుగు అడుగులు వేసి, ఆగి, కాలు పైకెత్తి సరిగ్గా ఆ చోటు చూపించి, ‘ఇదొద్దురా, ఇక్కడ ఆనుతోంది’ అన్నారు. ఈ చర్చ సంగతి ఆయనకి అసలు చెప్పలేదు, ఒట్టు.

రిటైర్డు తెలుగు పంతులు

మీ నాన్నగారికి నా పాదాభివందనం. ఎడమ పాదానికే లెండి.

చిత్తూరు కోడలు

చెల్లదు! సాక్షి తెలుగువాడు, పైగా కాలినొప్పి మనిషి. నేను మొన్న మా అత్తగారిని అడిగితే ‘కాల్లో ఆణి దిగినట్టుండాదే’ అనింది. ఇప్పుడు చెరొకటి.