పోస్టర్ ముందా, పేటెంట్ ముందా? కంపెనీకి లైసెన్సు ఇచ్చే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: నీటిలోని సీసం (లెడ్) అనే లోహాన్ని పట్టుకునే కొత్త పూత ఒకటి మా ల్యాబ్‌లో తయారైంది. వచ్చే నెల సదస్సులో పోస్టర్ ఉంది. ఒక కంపెనీ మొత్తం లైసెన్సు తమకొక్కరికే ఇవ్వమంటోంది. ఏది ముందు చేయాలి?

జవాబు: పోస్టర్ కన్నా ముందు పేటెంటు దరఖాస్తు పడాలండీ. చూడాల్సింది సదస్సు తేదీని కాదు, అబ్‌స్ట్రాక్టులు (పరిశోధన సారాంశాలు) ఆన్‌లైన్‌లో పెట్టే తేదీని. చాలాసార్లు అది వారాల ముందే వచ్చేస్తుంది. అమెరికాలో బయటపెట్టాక కూడా దరఖాస్తు వేయడానికి 12 నెలల వెసులుబాటు ఉంది. యూరప్‌లో అది లేదు, మీ పోస్టరే మీ పేటెంటుకు అడ్డం పడుతుంది. శాస్త్రవేత్తలు కోహెన్, బోయర్‌లు డీఎన్‌ఏ ముక్కలను కలపడానికి కనిపెట్టిన పద్ధతి సంగతి చూడండి: పేపర్ 1973 నవంబరులో అచ్చయింది, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 1974 నవంబరులో దరఖాస్తు చేసింది. అమెరికా పేటెంటు దక్కింది కానీ విదేశాల్లో హక్కు అప్పటికే పోయింది.

తొలి దరఖాస్తుగా ప్రొవిజనల్ (తేదీ ఖాయం చేసుకునే తాత్కాలిక దరఖాస్తు) వేసినా చాలు, కానీ పేపర్ చిత్తుప్రతిని యథాతథంగా పంపేయకండి. పూతలో ఏది ఎంత శాతం నుంచి ఎంత శాతం దాకా పనిచేస్తుంది, ఏ ఉష్ణోగ్రతలో ఆరబెట్టాలి, ప్రత్యామ్నాయ పదార్థాలేమిటి, అన్నీ రాయండి. అందులో లేని విషయానికి ఆ దరఖాస్తు తేదీ వర్తించదు. 12 నెలల్లో పీసీటీ దరఖాస్తు (చాలా దేశాలకు కలిపి వేసే అంతర్జాతీయ దరఖాస్తు) వేయాలి. తొలి దరఖాస్తు తేదీ నుంచి 30 నెలలకు (కొన్ని చోట్ల 31) ఒక్కో దేశంలో విడిగా ప్రవేశించాలి. అసలు ఖర్చు మొదలయ్యేది అక్కడే. ఆలోపు లైసెన్సు కుదిరితే ఆ ఖర్చు కంపెనీ భరించేలా రాసుకోవచ్చు.

మరొకరి జవాబు: దానికన్నా ముందు హక్కు ఎవరిదో తేల్చండి. స్టాన్‌ఫర్డ్, రోష్ వివాదంలో పరిశోధకుడు యూనివర్సిటీకి ‘హక్కు బదిలీ చేస్తానని ఒప్పుకుంటున్నాను’ అని, సీటస్ అనే కంపెనీకి (దాని హక్కులు తర్వాత రోష్ కంపెనీకి వెళ్లాయి) ‘ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను’ అని సంతకం చేశారు. రెండోదే నెగ్గింది. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన అయినంత మాత్రాన హక్కు దానంతటది యూనివర్సిటీకి రాదని 2011లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. విద్యార్థులు, విజిటింగ్ పరిశోధకులు సంతకం చేసిన పత్రాలన్నీ తీయించండి. పూతలో వాడిన పదార్థం ఏదైనా బయటి సంస్థ ఇచ్చి ఉంటే, ఫలితాల మీద వాళ్లు హక్కు అడిగే షరతు ఉందేమో చదవండి.

ప్రశ్న: మరి ఒక్కరికే ఇవ్వాలా?

జవాబు: వెంటనే వద్దు. ముందు ఆరు నెలల నుంచి ఏడాది గడువుతో ఆప్షన్ ఒప్పందం చేసుకోండి. ఆ వ్యవధిలో వాళ్లు పరీక్షించుకుంటారు, మీరు ఇంకెవరికీ ఇవ్వరు, అందుకు ఫీజు తీసుకుంటారు. తర్వాత కూడా వినియోగ రంగాన్ని విడదీయండి. తాగునీటి ఫిల్టర్లు వాళ్లకు ఇస్తే, పారిశ్రామిక వ్యర్థజలం మీ దగ్గరే ఉంచుకోండి. నమూనా, తొలి అమ్మకం ఏ తేదీకల్లా జరగాలో ఒప్పందంలోనే ఉండాలి. అవి తప్పితే ఏకైక హక్కు రద్దు కావాలి. ఈ షరతు లేకపోతే పోటీ సాంకేతికతను అటకెక్కించడానికే లైసెన్సు తీసుకునే వీలుంటుంది. ల్యాబ్‌లో పరిశోధన కొనసాగించే హక్కు మీకు మిగలాలి.

రాయల్టీ (అమ్మకాల్లో మీకు వచ్చే వాటా) శాతం కోసం పట్టుబట్టే ముందు, ఆ శాతాన్ని దేని మీద లెక్కిస్తారో చెప్పే ‘నికర అమ్మకం’ నిర్వచనం చదవండి. పూతను పెద్ద యంత్రంలో భాగంగా అమ్మితే లెక్క దేని మీద కడతారు? కంపెనీ ఇంకొకరికి సబ్‌లైసెన్సు ఇస్తే వచ్చే సొమ్ములో మీ వాటా ఎంత? ఈ రెండూ రాయకపోతే శాతం ఎంతున్నా చేతికొచ్చేది తక్కువే. ఏటా కనీస రాయల్టీ కూడా పెట్టించండి.