121 ఓటముల సీజన్‌ను మీరెలా తట్టుకున్నారు? (వైట్ సాక్స్ వాళ్లూ, వేరే టీమ్‌ల వాళ్లూ చెప్పండి)

నేపర్‌విల్_నాన్న
అందరికీ నమస్కారం. మావాడికి బేస్‌బాల్ పిచ్చి పట్టింది సరిగ్గా 2024లో. క్లాసులో ఎక్కువమంది మా ఊరి ఇంకో టీమ్ కబ్స్ అంటే వీడు చికాగో వైట్ సాక్స్ అన్నాడు. ఆ ఏడు వైట్ సాక్స్ 162 మ్యాచ్‌లు ఆడి 41 గెలిచి 121 ఓడింది. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో ఏ టీమూ ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడలేదు. 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడిన 120 అప్పటిదాకా రికార్డు. 2025లో 60 గెలిచి 102 ఓడారు. మెరుగే, కాదనను. కానీ రోజూ రాత్రి స్కోరు చూసి ముఖం వేలాడేసుకునే పిల్లాడికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. "వేరే టీమ్‌ని చూసుకోరా" అంటే వినడు, వినకపోవడమే నాకూ నచ్చుతుంది.

ఓడుతున్న టీమ్ వెంటే ఉన్నవాళ్లు, ముఖ్యంగా పిల్లలతో కలిసి చూసినవాళ్లు ఏం చేశారు? టీమ్ బాగుపడే దారిలో ఓడుతోందా, ఊరికే ఓడుతోందా అన్నది దేన్ని బట్టి చెప్పొచ్చు?

ఇంకో మాట. వాడి దగ్గర పిచర్ (బంతి వేసేవాడు) గ్యారెట్ క్రోషే జెర్సీ ఉంది. క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు అది వేసుకోవచ్చా అని అడుగుతున్నాడు.

సౌత్‌సైడ్_పాతకాపు
2005లో వరల్డ్ సిరీస్ గెలిచినప్పటి నుంచీ ఈ టీమే అండి నాది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ మీద 4-0. 1917 తర్వాత 88 ఏళ్లకు వచ్చిన టైటిల్ అది. ఆ సంతోషం చూసినవాడికి 2024 ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సీజన్ మొదటి మ్యాచ్ డెట్రాయిట్ మీద 1-0తో ఓడారు. క్రోషే బాగానే వేశాడు, మనవాళ్లు ఒక్క రన్ను కొట్టలేకపోయారు. అక్కణ్నుంచి 25 మ్యాచ్‌లయ్యేసరికి 3 గెలుపులు, 22 ఓటములు. నన్ను బాగా కుంగదీసింది మాత్రం మే 23న బాల్టిమోర్‌తో మ్యాచ్. చివరి ఇన్నింగ్స్‌లో 8-2 నుంచి 8-6 దాకా లాక్కొచ్చారు. ఒక అవుట్, ఫస్ట్ బేస్‌లోనూ సెకండ్ బేస్‌లోనూ మనవాళ్లు. బెనింటెండీ బంతిని నేరుగా పైకి లేపాడు. అలాంటప్పుడు బంతి కింద పడకముందే బ్యాటర్ అవుట్ అని అంపైర్ ప్రకటిస్తాడు, దాన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటారు. సరే, రెండో అవుట్. సెకండ్ బేస్‌లో ఉన్న వాన్, బంతి పట్టబోతున్న ఫీల్డర్ షార్ట్‌స్టాప్‌కి అడ్డొచ్చాడని అతన్నీ అవుటిచ్చారు. మ్యాచ్ అక్కడితో ముగిసింది. షార్ట్‌స్టాప్ ఆ బంతిని ఎలాగూ పట్టుకున్నాడు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికే మొదలైన ఓటముల వరుస 14 దాకా పోయింది.

తర్వాత జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరుసగా 21. 1988లో బాల్టిమోర్ సీజన్ మొదట్లోనే 21 వరుసగా ఓడింది. అమెరికన్ లీగ్ రికార్డులో దానితో సమం అన్నమాట. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో గెలిచారు. రెండు రోజులకే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు.

కూకట్‌పల్లి_క్రికెట్
బేస్‌బాల్ నాకు కొత్త. ఇన్ని ఓడితే కింది లీగ్‌కి పంపరా? ఫుట్‌బాల్‌లో పంపుతారు కదా.

బుల్‌పెన్_బాబాయ్
పంపరు తమ్ముడూ. మన ఐపీఎల్‌లో లాగే టీమ్‌లు స్థిరం. పైగా బాగా ఓడినవాళ్లకు డ్రాఫ్ట్‌లో ముందుగా కుర్రాళ్లను ఎంచుకునే అవకాశం దక్కుతుంది. కావాలని ఓడకుండా ఉండాలని ఇప్పుడు లాటరీ పెట్టారు. దాని నిబంధనల్లో ఒకటి వైట్ సాక్స్‌ని దెబ్బతీసింది. పెద్ద మార్కెట్ టీమ్‌లకు రెండేళ్లు వరుసగా లాటరీలో చోటుండదు. 121 ఓడిన టీమ్‌కి 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది పదో స్థానం.

నాన్నగారు అడిగినదానికి వస్తాను. 2024 ఒక్క ఏడాదిలో జరిగింది కాదు. 2016 డిసెంబర్‌లో క్రిస్ సేల్‌ని బోస్టన్‌కి ఇచ్చి మొంకాడా, కోపెక్‌లను తెచ్చుకున్నారు. కొన్నేళ్లు ఓడి కుర్రాళ్లను పోగేశారు. 2021లో 93 గెలిచి డివిజన్ కొట్టారు. ఇక పదేళ్లు మనదే అనుకున్నాం. 2022లో 81-81. 2023లో 101 ఓటములు. ఆ ఆగస్టులో టీమ్‌ని నడిపే కెన్నీ విలియమ్స్‌నీ రిక్ హాన్‌నీ తీసేసి క్రిస్ గెట్జ్‌కి పగ్గాలిచ్చారు.

లోపం ఎక్కడంటే, మొదటి వరసలో పేరున్నవాళ్లు ఉన్నారు, వాళ్ల వెనక ఎవరూ లేరు. 2024 ఏప్రిల్ సగం కాకముందే లూయిస్ రాబర్ట్, ఎలోయ్ హిమెనెస్, మొంకాడా ముగ్గురూ గాయపడ్డారు. మొంకాడా ఏడాది మొత్తంలో ఆడింది 12 మ్యాచ్‌లు. అలాంటప్పుడు మైనర్ లీగ్ నుంచి మనుషులు రావాలి. వచ్చినవాళ్లకు ఆ స్థాయి లేదు. ఏడాదంతా కలిపి కొట్టిన రన్స్ 507, ఇచ్చినవి 813. సీజన్‌కి ముందే డిలన్ సీస్‌ని శాన్ డియాగోకి ఇచ్చేశారు, అతను ఆ జులైలోనే నో-హిట్టర్ (అవతలివాళ్లకు ఒక్క హిట్టూ ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఆటగాళ్లను మార్చుకునే గడువులోపు ఫెడ్డీ, ఫామ్, కోపెక్‌లనూ పంపేశారు. కోపెక్ అదే ఏడు డాడ్జర్స్‌తో చాంపియన్ అయ్యాడు.

అందుకే నేను టీమ్‌ని తూచేది గెలుపులతో కాదు. రెండో వరస చూస్తాను. ఒకడికి దెబ్బ తగిలితే వాడి చోట ఎవరొచ్చారు, వచ్చినవాడు నెల తర్వాత మొదటి రోజుకన్నా బాగా ఆడుతున్నాడా. 2025లో ఆ తేడా నాకు కనిపించింది. కోల్సన్ మాంట్‌గోమరీ జులైలో వచ్చి 71 మ్యాచ్‌లలో 21 హోమ్ రన్స్ కొట్టాడు. మిల్వాకీ వాళ్లు తమ ప్రధాన జాబితాలో ఉంచుకోని షేన్ స్మిత్‌ని రూల్ 5 డ్రాఫ్ట్‌లో తెచ్చుకుంటే, మొదటి ఏడాదే ఆల్-స్టార్ అయ్యాడు. 102 ఓటముల్లో కూడా నాకు ధైర్యం ఇచ్చినవి ఇవే.

రాకీస్_వీరాభిమాని
డెన్వర్ నుంచి. 2025లో మా కొలరాడో రాకీస్ 43-119. ఇచ్చిన రన్స్‌కీ కొట్టిన రన్స్‌కీ తేడా 424. ఆధునిక కాలంలో ఇదే ఎక్కువ. మే 10న శాన్ డియాగో చేతిలో 21-0. మర్నాడు గెలిచారు, గెలిచిన ఆ రోజే మేనేజర్ బడ్ బ్లాక్‌ని తీసేశారు.

బాబాయ్ గారు చెప్పిన లెక్కతో చూస్తే మాకు ఆ ఏడు కనిపించినవి తక్కువ. స్టేడియం మాత్రం ఖాళీగా ఉండదు. కొండల వెనక సూర్యాస్తమయం చూడ్డానికి కుటుంబాలతో వస్తారు. నేనూ వెళ్తాను, నాకూ ఆ చోటు ప్రాణం. అయితే ఎలా ఆడినా జనం వస్తారు అనే ధీమా యాజమాన్యానికి వస్తుందేమోనన్న బాధ నాకుంది. చికాగోలో మీవాళ్లు గొంతెత్తారు. మా దగ్గర అది కావాలి.

సౌత్‌సైడ్_పాతకాపు
ఎత్తాం. 2024 సెప్టెంబర్ 22కి 120 ఓటములు పూర్తయ్యాయి. తర్వాతి మూడు మ్యాచ్‌లూ మా ఇంట్లో, ఏంజెల్స్‌తో. మూడూ గెలిచారు. గెలుస్తున్నా స్టాండ్స్‌లో "టీమ్‌ని అమ్మెయ్" అన్న నినాదం ఆగలేదు. 1981 నుంచీ ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫే. అక్కడ అరిచినవాళ్లెవరూ టీమ్ ఓడాలని వచ్చినవాళ్లు కాదు. ఇంత కోపం రావాలంటే అంత ప్రేమ ఉండాలి. 2025 జూన్‌లో జస్టిన్ ఇష్బియాతో ఒప్పందం ప్రకటించారు, కానీ 2029కి ముందు చేతులు మారదు.

డెట్రాయిట్_తెలుగు
ఆ 121వది మా ఊళ్లోనే. సెప్టెంబర్ 27, కొమెరికా పార్క్, 4-1. అదే గెలుపుతో 2014 తర్వాత మొదటిసారి మా టైగర్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. స్టేడియం ఊగిపోయింది. అవతల డగౌట్‌లో వాళ్లని చూస్తే నాకు మా 2003 గుర్తొచ్చింది.

2003లో మాది 43-119. చివరి ఆరింట్లో ఐదు గెలిచి మెట్స్ రికార్డు నుంచి తప్పించుకున్నాం. ఆ ఏడు మైక్ మరోత్ అనే పిచర్ 21 మ్యాచ్‌లు ఓడాడు. 1980 తర్వాత ఒక సీజన్‌లో 20 ఓడిన పిచర్ అతనే. అయినా వంతు వచ్చిన ప్రతిసారీ బంతి తీసుకున్నాడు, తప్పించమని అడగలేదు. మా ఇంట్లో ఇప్పటికీ అతని మాట వస్తుంది. నేపర్‌విల్ గారూ, మీ అబ్బాయికి మరోత్ గురించి చెప్పండి.

ఇంకో సంగతి. 2003 తర్వాత మా ఓనర్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2004లో ఇవాన్ రోడ్రిగెజ్‌ని, 2005లో మీ సాక్స్ నుంచే మాగ్లియో ఒర్డోన్యెజ్‌ని డబ్బు పెట్టి తెచ్చారు. 2004 డ్రాఫ్ట్‌లో వెర్లాండర్. 2006లో వరల్డ్ సిరీస్ ఆడాం. ఓడిన మర్నాటి చలికాలంలో ఏం చేస్తారో చూడండి, టీమ్ మనసు అక్కడ తెలుస్తుంది.

కూకట్‌పల్లి_క్రికెట్
ఇది మాకు తెలిసిన కథే! 2008లో డెక్కన్ చార్జర్స్ గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిదీ అందర్నీ పెట్టుకుని 14లో 2 గెలిచి ఆఖరున నిలిచింది. ఉప్పల్‌లో కూర్చుని చూడలేకపోయాం. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో జొహానెస్‌బర్గ్‌లో కప్పు కొట్టారు. ఒక్క ఏడాదిలో!

బుల్‌పెన్_బాబాయ్
నిజమే తమ్ముడూ, కానీ 14 మ్యాచ్‌ల టోర్నీలో ఏడాదిలో తిరగబడొచ్చు. 162లో కుదరదు. హ్యూస్టన్ 2013లో 111 ఓడి 2017లో చాంపియన్ అయింది, మధ్యలో నాలుగేళ్లు పట్టింది.

ఆస్ట్రోస్_ఆస్టిన్
హ్యూస్టన్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2011 నుంచి 2013 దాకా మూడేళ్లలో 106, 107, 111 ఓడినా నాకు బాధ తక్కువే. కుర్రాళ్లను పోగేసే ప్లాన్‌లో భాగంగా ఓడుతున్నామని తెలుసు కాబట్టి.

స్కోర్‌కార్డ్_అమ్మ
మీకు తెలిసి ఉండొచ్చు, ఆ ఓటములు టీవీలో చూసిన పదేళ్ల పిల్లలకు ప్లాన్ తెలియదండి. పిల్లల వైపు నుంచి నేను చెప్తాను. షామ్‌బర్గ్‌లో ఉంటాం, మా అమ్మాయిదీ ఇదే బాధ.

నేను చేసింది ఒకటే. కాగితం మీద స్కోరు రాయడం నేర్పాను. ప్రతి బ్యాటర్‌కీ ఒక గడి, ఏం జరిగిందో గుర్తులతో రాయాలి. రాస్తూ ఉంటే 7-1 ఓటమిలో కూడా ఒకడు పది బంతులు ఆడి వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే దక్కే ఫస్ట్ బేస్) సంపాదించింది కళ్లకు కడుతుంది. ఇంటికొచ్చాక ఓడారు అనదు, "మైడ్రాత్ మళ్లీ వాక్ తీసుకున్నాడమ్మా" అంటుంది.

రెండోది, ఒక్క ఆటగాణ్ని పట్టుకోమన్నాను. 2024లో అది క్రోషేనే. స్టార్టింగ్ పిచర్‌గా అతనికి అదే మొదటి ఏడాది, 146 ఇన్నింగ్స్‌లలో 209 స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఆల్-స్టార్. అతను వేసే రోజు మాకు పండగే, టీమ్ ఎలా ఉన్నా.

జెర్సీ నిక్షేపంలా వేసుకోమనండి. క్రోషేని ఇస్తే వచ్చినవాళ్లలోనే కైల్ టీల్, చేజ్ మైడ్రాత్ ఉన్నారు, 2025లో వాళ్లే ఆడారు. బోస్టన్‌లో అతను 18-5తో 255 స్ట్రైకవుట్లు తీశాడు. మన దగ్గర మొదలైనవాడు బాగుంటే మనకూ సంతోషమే కదా.

మరీ దిగులుగా ఉంటే మన ఇల్లినాయి జెనీవాలో కేన్ కౌంటీ కూగర్స్, మా దగ్గర బూమర్స్ ఉన్నాయి. చిన్న లీగ్‌లు. ఆటగాళ్లు కంచె దగ్గరకొచ్చి పిల్లలతో మాట్లాడతారు.

నేపర్‌విల్_నాన్న
అమ్మగారూ, స్కోర్‌కార్డ్ సంగతి ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టాం. పాత మ్యాచ్ ఒకటి యూట్యూబ్‌లో పెట్టి రాయిస్తున్నాను. మరోత్ కథ చెప్పాను, "21 ఓడినా మళ్లీ వేశాడా?" అని రెండుసార్లు అడిగాడు. జెర్సీ విషయం చెప్పగానే తొడిగేశాడు.

బాబాయ్ గారూ, రెండో వరసని చూడాలంటే షార్లెట్ నైట్స్ (సాక్స్‌కి సరిగ్గా కిందున్న మైనర్ లీగ్ టీమ్) స్కోర్లు రోజూ చూస్తే చాలా, ఇంకా కింద బర్మింగ్‌హామ్ కూడా చూడాలా?

బుల్‌పెన్_బాబాయ్
బర్మింగ్‌హామ్ తప్పకుండా చూడండి. మంచి కుర్రాళ్లు కొందరు అక్కడినుంచే నేరుగా పైకి వస్తారు. పిచర్లకైతే స్ట్రైకవుట్లు ఎన్ని, వాక్స్ ఎన్ని అన్నది చూడండి, గెలుపోటములు పక్కన పెట్టండి. బ్యాటర్లకు వయసు చూడండి. 21 ఏళ్లవాడు డబుల్-ఏలో, అంటే బర్మింగ్‌హామ్ స్థాయిలో, తట్టుకుంటున్నాడంటే ఆ పేరు మీ అబ్బాయి పుస్తకంలో రాసుకోవచ్చు.