తేలినీలాపురంలో గూళ్ల లెక్క ప్రాజెక్టు, ఆ తర్వాత వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ: ఎలా మొదలుపెట్టాలి?

టెక్కలి_జువాలజీ:
అందరికీ నమస్కారం. బీఎస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. డిగ్రీ అయ్యాక వైల్డ్‌లైఫ్ బయాలజీలోనే ఎమ్మెస్సీ చెయ్యాలని ఉంది. ఆ కోర్సు ఎక్కడెక్కడ ఉందో, మన దగ్గర మామూలు జువాలజీ ఎమ్మెస్సీ చేస్తే ఆ దారిలోకి రావచ్చో లేదో చెప్పగలరా?

ఇంకో సంగతి. ఈ సీజన్లో మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షుల గూళ్లు లెక్కపెట్టి ప్రాజెక్టు రాద్దామనుకుంటున్నాం. ముగ్గురం ఉన్నాం, బైనాక్యులర్ ఒక్కటే ఉంది. ‘సైబీరియా నుంచి వలస వచ్చే విదేశీ పక్షుల సంతానోత్పత్తి’ అని శీర్షిక పెట్టాం. ఎన్నాళ్లకోసారి వెళ్లాలి, ఏమేం రాసుకోవాలి? గుడ్లు ఎన్నున్నాయో చూడటానికి పొడవాటి కర్రకి అద్దం కట్టి గూటి మీదికి ఎత్తొచ్చని ఒకరు చెప్పారు. అది పనికొస్తుందా?

వంశధార_ఒడ్డు:
ముందు కోర్సుల సంగతి. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ సైన్స్ ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఉంది. అక్కడ ఏటా ప్రవేశాలుండవు, ఏడాది విడిచి ఏడాది తీసుకుంటారు. మీ డిగ్రీ పూర్తయ్యే ఏడు బ్యాచ్ పడుతుందో లేదో ఇప్పుడే చూసిపెట్టుకోండి. రెండు చోట్లా సీట్లు బాగా తక్కువ. తమిళనాడులో మయిలాడుతురై ఏవీసీ కాలేజీ, ఊటీ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ వైల్డ్‌లైఫ్ బయాలజీ చెబుతున్నాయి. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో అయితే దీనికి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది.

ఇంటి దగ్గరే ఉండి చదవాలంటే పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీయో మెరైన్ బయాలజీయో చెయ్యండి. దారేమీ మూసుకుపోదు. జనవరి దాటాక ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కే ఇసుక బారువ నుంచి కళింగపట్నం దాకా మన జిల్లాలోనే ఉంది. సముద్రం వైపు ఆసక్తి ఉన్నవాళ్లకి అంతకన్నా మంచి పాఠశాల దొరకదు.

గేట్ పరీక్షలో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ఒక పేపరుంది, కోడ్ ఈవై. డిగ్రీ మూడో ఏడాదిలోనే రాయొచ్చు, రాయండి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో లైఫ్ సైన్సెస్ తీసుకుని జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె వేరే. జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీసుకీ అర్హత ఉంటుంది గానీ, అది అడవి పాలన చూసే ఉద్యోగం. పరిశోధన మీద మనసుంటే ఆ రెంటినీ కలిపి ఆలోచించకండి.

డిగ్రీ పేరులో వైల్డ్‌లైఫ్ అనే మాట లేదని బెంగపడొద్దు. గణాంకాలు రాకపోతే మాత్రం ఏ కోర్సులో చేరినా కష్టమే. గణాంకాలకి ‘ఆర్’ సాఫ్ట్‌వేర్, మ్యాపులకి క్యూజీఐఎస్, రెండూ ఉచితమే. ఈ ఏడాదే మొదలుపెట్టండి.

బీల_గట్టు:
ముందు ఆ శీర్షిక మార్చండమ్మా. తేలినీలాపురంలో గూడు కట్టే గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్) సైబీరియా పక్షులు కావు. భారత ఉపఖండంలోనే పుట్టి పెరిగేవి. తిండి, నీళ్లు ఉన్న చోటును వెతుక్కుంటూ ప్రాంతాలు మారతాయంతే. సైబీరియాలో గుడ్లు పెట్టే పక్షి, అంటే సూదితోక బాతులాంటిది, చలికాలంలో మన చెరువులకి తిండికోసం వస్తుంది. ఇక్కడ గూడు కట్టదు. ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపుకునే పక్షికి ఇదే సొంతూరు. ‘పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు’ అని ఊళ్లో అనే మాట మీ శీర్షిక కన్నా శాస్త్రానికి దగ్గరగా ఉంది.

అద్దం కర్ర వద్దే వద్దు. కర్ర లేచిందంటే తల్లి ఎగిరిపోతుంది, ఆ నిమిషంలోనే కాకి దిగి గుడ్డు పొడుస్తుంది. ఈకలు రాని పిల్లకి తల్లి రెక్కలు విప్పి నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఆ నీడ తొలగితే పిల్ల వడదెబ్బకి పోతుంది. కంగారులో కింద పడ్డ పిల్లని తల్లి నేల మీదికి దిగి మేపదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ‘వేట’కి ఇచ్చిన నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా ఉంది. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో కాలేజీ లెటరు ఇచ్చి, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని వెళ్లండి.

నేల మీద నిలబడే మంచి లెక్క చెయ్యొచ్చు. మొదటి రోజు లెక్కేమీ పెట్టకండి, మ్యాప్ గీయండి. గూళ్లున్న ప్రతి చెట్టుకీ నంబరివ్వండి. అది కాగితం మీదే, చెట్టుకి మేకు కొట్టొద్దు, రంగు పూయొద్దు. చెట్టు పేరు రాయండి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత టేపుతో తీయాలి గానీ, అది పక్షులు రాకముందో వెళ్లాకో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో తోటలకి తోటలే కూలిపోవడం చూశాం కదా. రేపు పెద్దమాను ఒకటి పడిపోతే దాని మీద ఎన్ని గూళ్లు పోయాయో చెప్పడానికి మీ కాగితమే ఆధారం.

ఒక్కో చెట్టుకి ఎదురెదురుగా రెండు చోట్లు ఎంచుకోండి. ప్రతిసారీ అక్కడే నిలబడాలి. ఫోను అదే ఎత్తులో, అదే జూమ్‌లో పెట్టి ఫొటో తీయండి. దాన్ని ఏ-4 కాగితం మీద ప్రింటు తీసి, కనబడే గూళ్ల మీద పెన్నుతో 1, 2, 3 వేసుకోండి. తర్వాతి వారం అదే ప్రింటు చేతిలో పట్టుకుని ఒక్కో గూడూ చూస్తూ పోవాలి. ‘క’ అంటే కడుతోంది, ‘కూ’ అంటే కూర్చుంది, ‘పి’ అంటే పిల్ల కనిపించింది, ‘ఖా’ అంటే ఖాళీ. కింది నుంచి గుడ్డు కనబడదు కాబట్టి ‘గుడ్లున్నాయి’ అని ఎక్కడా రాయొద్దు. కూర్చుందన్నదే మీరు చూసినది.

వారానికోసారి, పొద్దున్న ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. పక్షులు మెడలు నిక్కించి మీ వైపే చూస్తుంటే బాగా దగ్గరికెళ్లారని. వెనక్కి రండి. ఊరివాళ్లు పక్కనుంచి నడిచినా అవి కదలవు, కొత్త మనిషి ఆగి చూస్తే ఊరుకోవు.

లెక్కల_మాష్టారు:
పైన చెప్పినదానికి రెండు కలుపుతాను, రెండూ లెక్కలే.

వారానికోసారి ఎందుకంటే, గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలో, అంతకన్నా ఎక్కువో. నెలకోసారి వెళ్తే మధ్యలో కట్టి చెడిపోయిన గూళ్లు మీ లెక్కలోకి రానే రావు, బతికినవే కనబడతాయి. దీన్ని సరిదిద్దే పద్ధతి 1961లో మేఫీల్డ్ అనే పక్షి పరిశోధకుడు చెప్పాడు. గూళ్లను కాదు, గూటి-రోజులను లెక్కపెట్టాలి. ఒక గూటిని 20 రోజులు గమనిస్తే 20 గూటి-రోజులు. 40 గూళ్లకి అలా మొత్తం 800 గూటి-రోజులు వచ్చి, ఆ కాలంలో 8 గూళ్లు చెడిపోయాయనుకోండి. రోజుకి చెడే అవకాశం 8/800, అంటే 0.01. ఒక రోజు నిలిచే అవకాశం 0.99. పొదిగే 30 రోజులూ నిలవాలంటే 0.99ని 30 సార్లు గుణించాలి, సుమారు 0.74 వస్తుంది. అదే 40లో 8 పోయాయి కాబట్టి 80 శాతం విజయం అని రాసేస్తే తప్పు. రెండు వారాల మధ్య గూడు ఎప్పుడు చెడిందో తెలియకపోతే మధ్య రోజుని తీసుకోండి.

ఇక ఆకుల చాటున దాక్కున్న గూళ్లు. ఒకే చెట్టుని ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. ఒకరికి 60, ఇంకొకరికి 50, ఇద్దరికీ కనబడినవి 40 అనుకుంటే 60 × 50 ÷ 40, అంటే 75 గూళ్లున్నాయని అంచనా. ఫొటో ప్రింటు మీద గూటి నంబరు ఉంటేనే ‘ఇద్దరికీ కనబడినవి’ తేల్చగలం. మీ దగ్గర బైనాక్యులర్ ఒక్కటే కాబట్టి ఒకరు చూస్తున్నప్పుడు రెండోవాళ్లు అటు తిరిగి ఉండాలి. వేలెత్తి ‘అదిగో అక్కడ’ అంటే లెక్క అక్కడితో చెడిపోతుంది. మూడో మనిషి ఇద్దరి కాగితాలూ దగ్గర పెట్టుకోవాలి. ఎవరికీ కనబడని చోట ఉన్న గూటిని ఈ సూత్రమూ పట్టుకోలేదు, అందుకే ఎదురు వైపు రెండో చోటు తప్పనిసరి.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) అయితే చాలు. 10 రెట్లది చేతిలో వణుకుతుంది.

టెక్కలి_జువాలజీ:
చాలా థాంక్సండీ. శీర్షిక మార్చేశాం, అద్దం మానేశాం. ఒక్క అనుమానం. రెండు జాతులూ ఒకే చెట్టు మీద ఉంటే ఖాళీ గూడు ఎవరిదో ఎలా రాయాలి?

బీల_గట్టు:
రాయొద్దు. ‘జాతి తెలియదు’ అని పెట్టి వచ్చే వారం చూడండి. పెద్దపక్షి లేకపోయినా పిల్ల ముక్కు చెప్పేస్తుంది. కొంగ పిల్లది గట్టి, మొన తేలిన ముక్కు. గూడబాతు పిల్లది వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి కింద సంచి వేలాడుతుంది.

కాగితం మీద సున్నాకీ ఖాళీ గడికీ తేడా మర్చిపోకండి. వెళ్లి చూసి ఏమీ లేకపోతే 0. పొగమంచుకో వానకో ఆ చెట్టు చూడలేకపోతే అడ్డగీత, పక్కన కారణం. పెన్సిల్‌తో రాయండి, తడిస్తే పెన్ను సిరా పోతుంది. అదే రోజు సాయంత్రం కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితానికి ఫొటో తీసి ముగ్గురి దగ్గరా ఒక్కో కాపీ ఉంచండి.