తాతగారి జోడుగొట్టాల తుపాకీ ఎవరి కోసం తయారైంది?

ప్రశ్న (గోదావరి గట్టు):
మా తాతగారి పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకీ ఆయన తర్వాత నాన్నగారి పేరున ఉండేది. నాన్నగారు పోయినప్పటి నుంచి లైసెన్సున్న డీలరు వద్ద జమలో ఉంది. వారసుడిగా నేను ఇప్పుడు దరఖాస్తు పెట్టుకుంటున్నాను. చెరకు తోటల మీద పడే అడవిపందుల బెడద తట్టుకోలేక, 1930లలో తాతగారు దానిని తన కొలతలకు ఇంగ్లండులో చేయించి తెప్పించుకున్నారని ఇంట్లో చెబుతారు. గొట్టాల నిండా నీటి అలల వంటి గోధుమరంగు చారలున్నాయి. తుపాకీని చూసి ఈ కథ నిజానిజాలు తేల్చుకోవచ్చునా?

జవాబు (పాత ఇనుము):
ఆ చారలు తుప్పూ కాదు, పూతా కాదు. ఇనుప, ఉక్కు పట్టీలను కొలిమిలో కలిపి, మెలితిప్పి, కడ్డీ చుట్టూ తాడులా చుట్టి, సుత్తిదెబ్బలతో అతికించిన డమాస్కస్ గొట్టాలకే అవి వస్తాయి. తళతళలాడాలని గరుకు కాగితంతో రుద్దించి వాటిని పోగొట్టుకున్నవారిని చూశాను. మీరు ఆ పని చేయకండి. తుపాకీ ఖాళీగా ఉందని డీలరు చేత సరిచూపించి, గొట్టాలను విడదీయించి, అడుగు భాగం పరిశీలించండి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1813లో ఏర్పడిన, తుపాకీ గొట్టాల బలాన్ని పరీక్షించే కేంద్రం ముద్రలు అక్కడ ఉండవచ్చు. కిరీటం, అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటి నడుమ బి, పి, సి అక్షరాలు కనిపిస్తే అది 1904కు ముందుది. నైట్రో (పొగరాని కొత్తరకం మందుగుండు) పరీక్ష ముద్ర లేకపోతే ఆ గొట్టాలను పాతరకం నల్ల మందుగుండుకు మాత్రమే పరీక్షించారని అర్థం. ఇప్పటి తూటాలు అందులో పెట్టనే కూడదు.

జవాబు (మన్యం దారి):
ముద్రలు తయారీ గురించి చెబుతాయి గాని, మనిషి ఆనవాలు చెక్కలో ఉంటుంది. వెనుక నుంచి గొట్టాల మధ్య పట్టీ వెంబడి చూపు సారించండి. కుడిచేతివాటం వారికి చేసినదైతే భుజానికి ఆనించే చెక్క కాస్త కుడికి, ఎడమచేతివాటం వారికి చేసినదైతే ఎడమకు ఒరిగి ఉంటుంది. ఆ వంపు చాలాసార్లు అర అంగుళమైనా ఉండదు కనుక ఓపికగా చూడాలి. చెక్క అడుగున కోడిగుడ్డు ఆకారంలో చిన్న లోహపు బిళ్ల ఉంటే, దాని మీద మొదటి యజమాని పొడి అక్షరాలు చెక్కించే అలవాటు ఉండేది.

ప్రశ్న అడిగినవారు:
నిన్న వెళ్లి చూశాను. రాజదండాల ముద్ర స్పష్టంగా ఉంది, నైట్రో ముద్ర లేదు. బిళ్ల మీది అక్షరాలను ఎవరో ఆకురాయితో గీకేశారు. ఒక నిలువు గీత మాత్రం మిగిలింది. చెక్క ఎడమకు ఒరిగి ఉంది. తాతగారిది కుడిచేతివాటం కనుక ఇది మరెవరికో చేసినదని తేలినట్టే. సాయంత్రం మా పెద్ద మేనత్తగారికి ఈ సంగతి చెబితే, ఆవిడ కాసేపు ఆలోచించి, “అన్నం తిన్నా, దస్కతు పెట్టినా కుడిచేత్తోనే గాని, నాన్న తుపాకీని మాత్రం ఎడమ భుజానికే ఆనించేవాడురా” అన్నారు.