ఇరుకు చోట నట్టు తిప్పే రాచెట్‌కు పళ్లు పెంచితే సరిపోతుందా?

పీణ్య టూల్‌రూమ్:
బెంగళూరు పీణ్యలో చేతి పనిముట్లు తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో నేను డిజైన్ పని చూస్తున్నాను. రాచెట్ అంటే లోపల పళ్ల చక్రం ఉండి, పిడిని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే నట్టును ఒకే వైపు తిప్పే పనిముట్టు. నూనెను ఒత్తిడితో పంపే హైడ్రాలిక్ పవర్ ప్యాక్‌లో పంపును పట్టి ఉంచే ఎమ్8 (8 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపోయే) నట్లలో అడుగున ఉన్న రెండింటికి ఒకపక్క ట్యాంకు గోడ, మరోపక్క పైపు అడ్డు రావడంతో, 150 మిల్లీమీటర్ల పిడి ఉన్న రాచెట్ చివర 30 మిల్లీమీటర్లకు మించి కదలదు. అంటే మనకు దొరికే ఊపు సుమారు 11.5 డిగ్రీలు. ఇప్పుడున్న 72 పళ్ల చక్రం తీసి 120 పళ్లది పెడితే సమస్య తీరిపోతుందని మా యజమాని అభిప్రాయం. పనిముట్లు అమ్మే ఎస్.పి. రోడ్డు దుకాణాల్లోనూ అదే మాట వినిపిస్తుంది.

నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. 72 పళ్లయితే పంటికి 5 డిగ్రీలు కనుక, 11.5 డిగ్రీల ఊపులో రెండు పళ్లు దాటి నట్టు 10 డిగ్రీలు తిరుగుతుంది. 90 పళ్లయితే పంటికి 4 డిగ్రీలు. మూడో పన్ను అందదు కనుక 8 డిగ్రీలే తిరుగుతుంది. 120 పళ్లకు పంటికి 3 డిగ్రీల చొప్పున 9 డిగ్రీలు వస్తాయి. ఒక చుట్టుకు 36 ఊపులు పట్టే పనికి ఖర్చు పెంచి 40 ఊపులు చేయడమెందుకని నా ప్రశ్న. అనుభవజ్ఞులు తమ అభిప్రాయం చెప్పగలరు.

లెక్కల పిచ్చి:
మీ లెక్కలో తప్పు లేదు గానీ, అది మీ 150 మిల్లీమీటర్ల పిడికి మాత్రమే చెల్లుతుంది. అదే సందులో 200 మిల్లీమీటర్ల పిడి పెట్టి చూడండి. ఊపు 8.6 డిగ్రీలకు తగ్గుతుంది. అప్పుడు 72 పళ్లది 5 డిగ్రీలు, 120 పళ్లది 6, మీరు పనికిరాదన్న 90 పళ్లది 8 డిగ్రీలు తిప్పుతాయి. ప్రతి ఊపులోనూ పన్ను పూర్తిగా దాటని కొంత మేర వృథా అవుతుంది, రకరకాల సందులను సగటున చూస్తే ఆ వృథా అర పన్ను. అంటే 72 పళ్లకు 2.5 డిగ్రీలు, 120 పళ్లకు 1.5 డిగ్రీలు. పైగా 4 డిగ్రీల ఊపు మాత్రమే దొరికే చోట 72 పళ్లది అసలు పనిచేయదు. పనిముట్టును ఒక్క పవర్ ప్యాక్ కోసం అమ్మరు కదా, కాబట్టి ఈ విషయంలో నేను మీ యజమానిగారి పక్షమే.

పాత ఫిట్టర్:
ఇద్దరూ డిగ్రీల గురించే మాట్లాడుతున్నారు గానీ, నట్టు వదులుగా ఉన్నప్పుడు రాచెట్ ఏం చేస్తుందో చూసినట్టు లేరు. బోల్టు మీద నట్టు వేలితో తిరిగేంత తేలికగా ఉన్నప్పుడు, పిడిని వెనక్కి లాగితే లోపల స్ప్రింగు నొక్కితే పళ్లలో కూర్చునే నాలుక, పళ్ల మీద జారాల్సింది పోయి నట్టునే వెంటబెట్టుకుని వస్తుంది. ముందుకు 10 డిగ్రీలు, వెనక్కి 10 డిగ్రీలు. పది నిమిషాలు ఊపినా నట్టు ఉన్నచోటే ఉంటుంది. బయట అయితే రెండో చేత్తో సాకెట్ (నట్టు మీద తొడిగే గిన్నె) పట్టుకుంటాం, ఆ సందులో రెండో చెయ్యి ఎక్కడ పెడతారు? స్ప్రింగు బలం తగ్గించవచ్చు నిజమే, కానీ గ్రీజు, దుమ్ము చేరాక ఆ బలహీనమైన నాలుక పంటిలో సరిగా కూర్చోక, బిగించే సమయంలో జారి చేతి వేళ్లు పంపుకు కొట్టుకుంటాయి. పళ్లు సన్నబడేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది.

నేను ఒకప్పుడు ఇలాంటి చోటికే 13 నంబరు రింగ్ స్పానర్‌ను ఎర్రగా కాల్చి వంచాను. వంపు చక్కగా కుదిరింది, సందులోకి వెన్నలా దూరింది. మూడో నట్టు దగ్గర రింగు సాగిపోయి నట్టు మూలలు గుండ్రమయ్యాయి. క్రోమ్ వెనేడియం ఉక్కుకు మొదట ఇచ్చిన పదును, అంటే గట్టిదనం, కాల్చి వదిలేసేసరికి పోయిందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆ నట్టును చివరికి ఉలితో కోసి తీయాల్సి వచ్చింది.

యంత్రాల డిజైనర్:
క్షమించాలి, అసలు తప్పు పనిముట్టుది కాదు. స్పానర్ తిరగడానికి చోటు వదలకుండా ట్యాంకు గీసినవారిది. ఆ రెండు చోట్లా నట్టు బదులు తలలో ఆరు మూలల గుంట ఉండే ఆలెన్ స్క్రూ పెట్టి ఉంటే, 6 మిల్లీమీటర్ల కీతో పైనుంచి నేరుగా తిప్పవచ్చు. కీ కొస గుండుగా ఉంటే సుమారు 25 డిగ్రీల వాలులో కూడా తిరుగుతుంది. మెడ సన్నం కనుక చివరి బిగింపు మాత్రం దానితో చేయకూడదు.

పీణ్య టూల్‌రూమ్:
డిజైనర్ గారూ, మీ మాట న్యాయమే, కానీ ఆ ట్యాంకులు ఇప్పటికే ఎన్నో కర్మాగారాల్లో బిగించి ఉన్నాయి, వాటిని విప్పాల్సినవారు మా వినియోగదారులు.

ఫిట్టర్ గారు చెప్పినది చదివాక, నేను రెండు వేర్వేరు పనులను ఒక్కటిగా చూస్తున్నానని అర్థమైంది. ఎమ్8 నట్టు ఎత్తు 6.8 మిల్లీమీటర్లు, మర పిచ్, అంటే ఒక చుట్టుకు నట్టు జరిగే దూరం, 1.25 మిల్లీమీటర్లు. నట్టు మరలన్నీ బోల్టుకు పట్టేసరికే ఐదు చుట్లు దాటుతాయి. చుట్టుకు 36 చొప్పున దాదాపు 200 ఊపులు. అంతసేపూ దానికి బలంతో పనే లేదు. బలం కావలసింది వాషరుకు ఆనుకున్న తర్వాత తిప్పే 30, 60 డిగ్రీలకే, అది 72 పళ్లతో అయినా మూడు నుంచి ఆరు ఊపుల పని. అప్పటికి నట్టు బిగువుగా ఉంటుంది కనుక వెనక్కి కూడా రాదు.

మొదటి పనికి పొట్టి రింగు ఒకటి చేద్దామని ఆలోచించాను. పన్నెండు మూలల రింగుకు 30 డిగ్రీల ఊపు కావాలి. 30 మిల్లీమీటర్ల సందులో అది దొరకాలంటే పిడి 55 మిల్లీమీటర్లకు మించకూడదు. 8.8 బలం గ్రేడు బోల్టుకు అవసరమైన సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు ఆ పిడితో ఇవ్వాలంటే 46 కిలోల బలం వేయాలి, 150 మిల్లీమీటర్ల పిడికైతే 17 కిలోలు చాలు. అంటే రెండు పనిముట్లు తప్పవని తేలింది.

పాత ఫిట్టర్:
రెండెందుకండీ? రాచెట్ తల పైన, లోపలి చక్రానికి అతుక్కుని, అంచు చుట్టూ గరుకు గీతలు కోసిన ఒక బిళ్ల పెట్టండి. వదులుగా ఉన్నంతసేపు పిడిని కదల్చకుండా బొటనవేలితో బిళ్లను తిప్పితే నట్టు పరుగెడుతుంది. వెనక్కి వస్తుంటే అదే బిళ్లను వేలితో నొక్కి ఆపవచ్చు. నేను మామూలు సాకెట్‌ను వేళ్లతో పట్టుకుని ఇలాగే తిప్పుతుంటాను, నూనె చేతులకు జారుతుందన్నదే ఇబ్బంది.

లెక్కల పిచ్చి:
బిళ్ల పెడితే తల మందం పెరుగుతుంది. పంపుకూ నట్టుకూ మధ్య అంత చోటుందా?

పీణ్య టూల్‌రూమ్:
స్కేలు లోపలికి పోవడం లేదు. రేపు ఆ సందులో బంకమట్టి ముద్ద నొక్కి, చెదరకుండా బయటికి తీసి వెర్నియర్‌తో కొలుస్తాను. ముద్ద మందం 28 మిల్లీమీటర్లు దాటితే 4 మిల్లీమీటర్ల బిళ్ల పడుతుంది. దాటకపోతే, తల మందం తగ్గేలా సాకెట్‌ను విడిగా కాకుండా చక్రంలోనే కోయమని అడగాలి. పళ్లు మాత్రం 72 దగ్గరే ఉంచుతున్నాను, యజమానిగారితో వాదన ఇంకా మిగిలే ఉంది.