అమోరిమ్ వస్తున్నాడు: 3-4-3కి మన జట్టు సరిపోతుందా?

స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్
2024 నవంబర్ 1న మన మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్ ప్రకటించేసింది. కొత్త కోచ్ రూబెన్ అమోరిమ్‌తో 2027 జూన్ దాకా ఒప్పందం, కావాలంటే ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. వెస్ట్ హామ్ చేతిలో 2-1తో ఓడిన మర్నాడు, అక్టోబర్ 28న పాత మేనేజర్ టెన్ హాగ్‌ని తీసేశారు. అప్పటికి 9 లీగ్ మ్యాచ్‌ల్లో 11 పాయింట్లు, 14వ స్థానం. వేసినవి 8 గోల్స్, ఇచ్చినవి 11.

అమోరిమ్ పనిలో చేరేది నవంబర్ 11న. ఇంత ఆలస్యం దేనికని చాలామంది అడుగుతున్నారు. అతని పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఒప్పందంలోని విడుదల క్లాజ్ కింద కోటి యూరోలు, నోటీసు తగ్గించినందుకు ఇంకో 10 లక్షలు, మొత్తం 1.1 కోట్ల యూరోలు కడుతున్నాం. అయినా స్పోర్టింగ్ తన మూడు మ్యాచ్‌లు అయ్యాకే వదులుతుంది. అప్పటిదాకా రూడ్ వాన్ నిస్టెల్‌రూయ్ తాత్కాలికంగా చూసుకుంటాడు.

ఫెర్గూసన్ 2013లో తప్పుకున్నాక మోయెస్, వాన్ గాల్, మౌరిన్యో, సోల్‌షేర్, టెన్ హాగ్ అయ్యారు. మధ్యలో తాత్కాలికంగా వచ్చినవాళ్లను వదిలేస్తే ఇతను ఆరోవాడు. పాత వైభవం మాటలు ఇక్కడ వద్దు. అతని ఆట ఏమిటి, మన దగ్గర ఎవరున్నారు, ఎక్కడ తెగుతుంది, అంతవరకే మాట్లాడుకుందాం.

కార్నర్ ఫ్లాగ్
ప్రకటనలో ఒక మాట గమనించారా? టెన్ హాగ్ హోదా మేనేజర్, అమోరిమ్‌ది హెడ్ కోచ్. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఒప్పందాలు మాట్లాడటం మన క్లబ్ క్రీడా డైరెక్టర్ ఆష్‌వర్త్, టెక్నికల్ డైరెక్టర్ విల్‌కాక్స్, సీఈఓ బెర్రాడా చేతుల్లో ఉంటాయి. కోచ్ ఏ స్థానానికి ఎలాంటివాడు కావాలో చెబుతాడు. అలాంటివాణ్ణి వెతికి తెచ్చేది వాళ్లు. ఈ పద్ధతి మనకు పదేళ్ల కిందటే రావాల్సింది. ఒక్కో మేనేజర్ తన ఇష్టానికి కొనుక్కుని వెళ్లిపోతే, తర్వాతివాడికి నాలుగు రకాల ఆటలకు కొన్న ఆటగాళ్లు మిగిలారు. ఇవాళ మన జట్టు ఆ కలగాపులగమే.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు
3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) అంటే ముందు వరుసలో ఇద్దరు వింగర్లని, అంటే అంచుల్లో దాడి చేసేవాళ్లని, చాలామంది అనుకుంటున్నారు. అతనిది నిజానికి 3-4-2-1. స్ట్రైకర్ వెనక ఇద్దరు 10లు (గోల్ అవకాశాలు సృష్టించేవాళ్లు) ఉంటారు. పక్క లైన్ దగ్గర నిలబడేది వింగ్‌బ్యాక్‌లు (అంచున పైకీ కిందికీ పరుగెత్తేవాళ్లు) మాత్రమే.

బంతి మన దగ్గర ఉన్నప్పుడు వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు (మధ్య డిఫెండర్లు) వెడల్పుగా విడిపోతారు, వాళ్ల ముందు ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు. ఈ ఐదుగురు బంతిని బయటికి తెస్తారు. మిగతా ఐదుగురు ఎదుటి వెనక వరుస మీదకి ఎక్కి నిలబడతారు. ఎదుటివాళ్లు నలుగురితో కాస్తుంటే ఐదో మనిషి ఎక్కడో ఒకచోట ఖాళీగా దొరుకుతాడు. దొరికించేది పక్క సెంటర్ బ్యాక్. అతను బంతి తీసుకుని 10-15 గజాలు ముందుకు నడవాలి. అప్పుడు ఎదుటి వింగర్ తన చోటు వదిలి మీదకి వస్తాడు. ఆ క్షణంలో బంతి 10 కాళ్లకు వెళ్లాలి, 10 ఒక్క టచ్‌తో మిడ్‌ఫీల్డర్‌కి వెనక్కి ఇవ్వాలి, మిడ్‌ఫీల్డర్ ఎదుటి ఫుల్‌బ్యాక్ (అంచు డిఫెండర్) వెనక పరుగెత్తే మన వింగ్‌బ్యాక్‌కి వదలాలి. పక్క సెంటర్ బ్యాక్ ముందుకు నడవకుండా అడ్డంగా పాస్ ఇచ్చుకుంటూ కూర్చుంటే ఈ ఆట మొత్తం చచ్చిపోతుంది.

బంతి పోయాక రెండు రూపాలు. పైన ఒత్తేటప్పుడు ముందు ముగ్గురూ ఎదుటి సెంటర్ బ్యాక్‌లనూ మధ్యలోని మిడ్‌ఫీల్డర్‌నూ మూస్తారు, వింగ్‌బ్యాక్ ఎదుటి ఫుల్‌బ్యాక్ మీదకి దూకుతాడు, అతని వెనక ఖాళీలోకి పక్క సెంటర్ బ్యాక్ జరిగి వింగర్‌ని పట్టుకుంటాడు. కింద కాసేటప్పుడు 5-4-1.

ఎర్రచొక్కా
మాస్టారూ, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లతో ఇంగ్లండ్‌లో బతకగలమా? అవతల ముగ్గురుంటారు కదా.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు
అసలు ప్రశ్న అదే. వింగ్‌బ్యాక్ దూకడం ఒక్క సెకను ఆలస్యమైతే ఎదుటి ఫుల్‌బ్యాక్ తలెత్తి లోపలికి పాస్ ఇస్తాడు. అక్కడ మనవాళ్లు ఇద్దరు, వాళ్లు ముగ్గురు. దీనికి విరుగుడు రెండు: బంతికి దూరంగా ఉన్న 10 లోపలికి ముడుచుకుని మూడో మిడ్‌ఫీల్డర్ కావాలి, లేదా పక్క సెంటర్ బ్యాక్ వెనక వరుస వదిలి ఆ మనిషి మీదకి వెళ్లాలి. రెండోది చేస్తే అతని వెనక గోతి పడుతుంది. మిగిలిన ఇద్దరూ వేగంగా జరిగి పూడ్చాలి.

కాబట్టి ఆ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లకు కాళ్లలో పరుగు ఉండి తీరాలి. ఉగార్టే, మైనూ జోడీ తప్ప నాకు వేరే దారి కనపడటం లేదు. ఉగార్టే 2021 నుంచి 2023 వరకు స్పోర్టింగ్‌లో ఇతని కిందే ఆడాడు, పని కొత్త కాదు. కసెమీరో చదివే ఆట గొప్పది, కానీ 30 గజాలు వెనక్కి పరుగెత్తాల్సి వస్తే అందుకోలేడు. ఎరిక్సెన్ సంగతీ అంతే. ఈ ఇద్దరినీ ఒకేసారి దింపితే మధ్యలో తలుపు తెరిచి పెట్టినట్టే.

ఆఫ్‌సైడ్ వల
మన కెప్టెన్ బ్రూనో ఫెర్నాండెస్‌ని మధ్యలో ఆడిస్తారని కొందరు రాస్తున్నారు. నాకు భయం. అతను కష్టమైన పాస్‌లు ప్రయత్నిస్తాడు, అందులో సగం తెగినా అతని విలువ తగ్గదు. కానీ తెగినప్పుడు వెనక మనుషులుండాలి. ఇద్దరి మిడ్‌ఫీల్డ్‌లో అతనే ఒకడైతే వెనక ఉండేది ఒక్కడు. 10 స్థానమే అతనికి క్షేమం.

ఇంకో 10గా మౌంట్ బాగా సరిపోతాడు. 2021లో టుకెల్ కోచ్‌గా, మౌంట్ ఆటగాడిగా ఉన్న చెల్సీ ఆడింది కూడా 3-4-2-1. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో హావెర్ట్జ్ గోల్‌కి పాస్ ఇచ్చింది 10 స్థానంలో ఉన్న మౌంటే. అతని బాధ ఆట కాదు, గాయాలు.

రాష్‌ఫర్డ్, గర్నాచోల గురించే దిగులు. ఇద్దరికీ లైన్ దగ్గర బంతి అందుకుని, ముందు ఖాళీ చూసి దూసుకెళ్లడం అలవాటు. ఇక్కడ గోల్‌కి వీపు పెట్టి, వెనక ఒకడు నెడుతుంటే, ఒక్క టచ్‌తో ఆడాలి. రాష్‌ఫర్డ్‌ని స్ట్రైకర్‌గానూ వాడొచ్చు. గర్నాచోకి చోటు వెతకడమే కష్టం.

వింగ్‌బ్యాక్
అందరూ మధ్యలో చూస్తున్నారు. నేను అంచుల్లో చూడమంటాను. స్పోర్టింగ్ 2020-21లో 19 ఏళ్ల తర్వాత లీగ్ గెలిచినప్పుడు కుడివైపు పోరో, ఎడమవైపు నూనో మెండెస్. వాళ్లిద్దరూ పైన ఉండబట్టే 10గా ఆడిన పోటే లీగ్‌లో 23 గోల్స్ వేయగలిగాడు.

మన ఎడమవైపు ఎవరు? షా గాయం, మలాసియా గాయం. డాలోని అటు వేస్తే బంతి అందుకున్న ప్రతిసారీ కుడికాలి మీదకి తెచ్చుకోవడానికి లోపలికి తిరగాలి. ఆ ఒక్క తిరుగుడుతో క్రాస్ ఆలస్యమవుతుంది, ఎదుటి వరుస సర్దుకుంటుంది. పైగా అతను లోపలికి వస్తే 10 నిలబడే చోట్లో ఇద్దరవుతారు, వెడల్పు పోతుంది. డాలో వల్ల తప్పేం లేదు, ఎడమకాలు లేకపోవడమే లోటు. జనవరిలో బదిలీలు తెరిచినప్పుడు ఒక్కణ్ణే కొనగలిగితే ఎడమకాలి వింగ్‌బ్యాక్‌ని కొనాలి. స్ట్రైకర్ కూడా తర్వాతే.

ఎర్రచొక్కా
స్ట్రైకర్ తర్వాతేనా? స్పోర్టింగ్ స్ట్రైకర్ గ్యోకెరెస్ పోయినసారి పోర్చుగల్ లీగ్‌లో 29 గోల్స్ వేశాడన్నా. అతను లేకుండా ఈ ఆట నడుస్తుందా?

వింగ్‌బ్యాక్
నడుస్తుంది. 2020-21లో గ్యోకెరెస్ లేడు, అతను వచ్చింది 2023లో. అప్పుడూ టైటిల్ వచ్చింది. మన స్ట్రైకర్ హోయ్‌లండ్‌కి డిఫెండర్ల వెనక్కి పరుగెత్తడం వచ్చు. రానిది వీపు మీద డిఫెండర్‌ని మోస్తూ బంతిని ఆపడం. అది నేర్పవచ్చు. లేని ఎడమకాలిని ఎవరూ నేర్పలేరు.

కార్నర్ ఫ్లాగ్
జనవరి డబ్బు గురించి ఒక మాట. ఈ 2024-25 సీజన్ లీగ్ నిబంధన ప్రకారం మూడేళ్లకు కలిపి నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు. కొన్నవాడి ధర ఒప్పందం ఏళ్ల మీద పంచుకుని రాస్తారు, గరిష్ఠం ఐదేళ్లు. అంటే 5 కోట్లకు ఐదేళ్లకి కొంటే ఏడాదికి కోటి ఖర్చు. అమ్మేటప్పుడు పుస్తకాల్లో మిగిలిన విలువ పోను వచ్చిందే లాభం. అకాడమీ పిల్లాడికి పుస్తక విలువ సున్నా, కాబట్టి వచ్చిందంతా లాభమే. మైనూ, గర్నాచో, రాష్‌ఫర్డ్‌ల పేర్లు అమ్మకం వార్తల్లో తిరగడానికి కారణం ఇది. నా మటుకు మైనూని అమ్మడం తప్పు. పైన మాస్టారు చెప్పిన జోడీలో సగం అతనే.

స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్
నవంబర్ 5 రాత్రి చూశారుగా! స్పోర్టింగ్ 4, మాంచెస్టర్ సిటీ 1. గ్యోకెరెస్ హ్యాట్రిక్.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు
చూశాను, సంతోషమే. కానీ ఆ మ్యాచ్‌ని సరిగ్గా చదవాలి. మొదటి సగంలో చాలాసేపు స్పోర్టింగ్ తన పెనాల్టీ పెట్టె దగ్గరే 5-4-1లో ఇరుక్కుంది. వింగ్‌బ్యాక్‌లు కిందికి నొక్కుకుపోతే స్ట్రైకర్ ఒంటరివాడవుతాడు. గ్యోకెరెస్ ఒంటరిగా కూడా ఇద్దరిని మోయగలడు కాబట్టి బంతి బయటపడింది. ఇరుక్కునే ప్రమాదం మనకూ ఉంటుంది, మోసేవాడు ఉండడు.

ఆఫ్‌సైడ్ వల
వెనక ముగ్గురి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎడమవైపు లిసాండ్రో మార్టినెజ్ సహజం. ఎడమకాలు, ముందుకు నడిచే ధైర్యం రెండూ ఉన్నాయి. ఎత్తు 175 సెంటీమీటర్లు, దూరపు క్రాస్‌లకు అతనినే గురిపెడతారు. మధ్యలో డి లిగ్ట్ లేదా మగ్వైర్. స్పోర్టింగ్‌లో కోట్స్ చేసిన పని అది: మాట్లాడుతూ వరుసని నిలబెట్టడం. మగ్వైర్‌ని పక్కకి వేస్తే వెనక గోతి పూడ్చే పరుగు లేదు, మధ్యలో మాత్రం చక్కగా పనికొస్తాడు. కుడివైపు యోరో కోలుకునేదాకా మజ్రావీని ప్రయత్నించవచ్చు. ఫుల్‌బ్యాక్ కాబట్టి బంతితో నడవడం అతనికి కొత్తకాదు.

ఎర్రచొక్కా
అయితే వేసవి దాకా ఇప్పటి నలుగురు డిఫెండర్ల 4-2-3-1తోనే నెట్టుకొచ్చి, ఆటగాళ్లు వచ్చాక మారిస్తే పోలా? 2014లో వాన్ గాల్ రాగానే ముగ్గురు డిఫెండర్లతో మొదలుపెట్టి స్వాన్సీతో సొంతగడ్డ మీద ఓడాం, అదే నెలలో ఎంకే డాన్స్ చేతిలో 4-0.

మిడ్‌ఫీల్డ్ మాస్టారు
ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0 ఓడాక అప్పటి చెల్సీ కోచ్ కోంటే సీజన్ మధ్యలోనే 3-4-3కి మారాడు. వరసగా 13 లీగ్ మ్యాచ్‌లు గెలిచి, 93 పాయింట్లతో టైటిల్. వింగర్ మోజెస్‌ని వింగ్‌బ్యాక్ చేశాడు. టుకెల్ 2021 జనవరిలో వచ్చి మొదటి మ్యాచ్ నుంచే మార్చాడు, మే 29న యూరప్ కప్పు ఎత్తాడు.

తేడా ఎక్కడంటే, కోంటేకి ఆ ఏడాది యూరప్ మ్యాచ్‌లు లేవు, వారమంతా సాధనకి దొరికింది. టుకెల్‌కి సాధన దొరకలేదు గానీ రీస్ జేమ్స్, చిల్వెల్, అలోన్సో, అజ్పిలిక్వేటా సిద్ధంగా ఉన్నారు. మనకి సమయమూ లేదు, వింగ్‌బ్యాక్‌లూ లేరు. అయినా ఇప్పుడే మొదలుపెట్టాలి అంటాను. జనవరిలో ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో తెలియాలంటే ఆ స్థానాల్లో ఆడించి చూడాలి. ఓడినా ఆ సమాచారం దక్కుతుంది. 4-2-3-1తో గెలిస్తే పాయింట్లు వస్తాయి, జట్టు గురించి ఏమీ తెలియదు.

కార్నర్ ఫ్లాగ్
సమయం లెక్క ఇదిగో. నవంబర్ 24న ఇప్స్‌విచ్, 28న బోడో గ్లిమ్ట్, డిసెంబర్ 1న ఎవర్టన్, 4న ఆర్సెనల్, 7న ఫారెస్ట్, 12న ప్లజెన్, 15న సిటీ, 19న లీగ్ కప్‌లో స్పర్స్, 22న బోర్న్‌మత్, 26న వుల్వ్స్, 30న న్యూకాజిల్. 37 రోజుల్లో 11 మ్యాచ్‌లు. మ్యాచ్ మర్నాడు ఆడినవాళ్లకి విశ్రాంతి, ముందురోజు తేలికపాటి నడక సాధన. మూడు రోజుల తేడాతో మ్యాచ్ ఉంటే నిండు సాధనకి మిగిలేది ఒక పూట. ఈ 11 మ్యాచ్‌ల్లో ఎక్కువ నేర్చుకునేది వీడియో గదిలోనే. అందుకే కొత్త సంవత్సరం వచ్చేదాకా పట్టిక చూసి తీర్పు చెప్పకండి, దయచేసి.

స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్
నవంబర్ 11: అమోరిమ్ చేరాడు, వాన్ నిస్టెల్‌రూయ్ క్లబ్ వదిలాడు. నాలుగు మ్యాచ్‌ల్లో మూడు గెలుపులు, ఒక డ్రా. లెస్టర్‌తో 5-2, చెల్సీతో 1-1, పావోక్‌తో 2-0, మళ్లీ లెస్టర్‌తో 3-0. ఆటగాడిగా 150 గోల్స్ వేసిన మనిషి, కష్టకాలంలో వచ్చి నిలబెట్టి వెళ్లాడు. ధన్యవాదాలు రూడ్.

వింగ్‌బ్యాక్
కుడివైపు గురించి నా అంచనా చెప్పి ఆపుతాను. మన వింగర్ అమద్‌ని అమోరిమ్ వింగ్‌బ్యాక్‌గా వేస్తాడు. స్పోర్టింగ్‌లో కుడి అంచున క్వెండా, కతామో ఇద్దరూ ఎడమకాలి వింగర్లే. అమద్‌దీ అదే కాలు, అదే పద్ధతి. ఎడమవైపు డాలో కుడికాలుతో లోపలికి తిరిగితే ఇబ్బంది అన్నాను కదా, ఇక్కడ ఎందుకు కాదంటే అమద్ తిరిగాక డ్రిబుల్ చేసి మనిషిని దాటగలడు, వన్-టూ ఆడి (పాస్ ఇచ్చి వెంటనే తిరిగి అందుకుని) పెట్టెలోకి దూరగలడు.

ఎర్రచొక్కా
డిఫెన్స్ చేయగలడా?

వింగ్‌బ్యాక్
బంతి కోసం వెంటపడి లాక్కోవడం అతనికి ఇష్టమే. చూడాల్సింది వెనక పోస్టు దగ్గర: అవతలి అంచు నుంచి క్రాస్ వస్తున్నప్పుడు లోపలికి ముడుచుకుని తన మనిషిని భుజానికి ఆనించుకుని నిలబడుతున్నాడా అని. ఇప్స్‌విచ్‌తో మొదటి పరీక్షే గట్టిది. అవతల లెఫ్ట్‌బ్యాక్ లీఫ్ డేవిస్, పోయిన సీజన్ ఛాంపియన్‌షిప్‌లో (రెండో శ్రేణి లీగ్) 18 అసిస్ట్‌లు, అంటే గోల్‌కి దారితీసిన పాస్‌లు. మ్యాచ్ చూసేటప్పుడు మొదటి 15 నిమిషాలు బంతిని వదిలేసి, డేవిస్ మధ్యగీత దాటిన ప్రతిసారీ అమద్ ఎక్కడున్నాడో చూడండి. అమద్ పైనే ఉండి డేవిస్‌ని కుడి సెంటర్ బ్యాక్ పట్టుకుంటున్నాడా, లేక అమద్ గోల్ దాకా వెంట వస్తున్నాడా అన్నది రాసుకుని ఇక్కడ పెట్టండి.