ఫ్రిజ్ ఏది కొనాలో ఒక్క మాటలో తేల్చండి, పొద్దున్నుంచి తిరుగుతున్నాం

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్కారం. పొద్దున పదికి బయల్దేరాం, ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. మూడు షాపులు తిరిగితే మూడు మాటలు. మొదటి చోట 190 లీటర్ల సింగిల్ డోర్ చాలన్నాడు. రెండో చోట సింగిల్ డోర్ ఈ రోజుల్లో ఎవరు కొంటున్నారు మేడం, 240 లీటర్ల డబుల్ డోర్ తీసుకోండి అని మొహం అదోలా పెట్టాడు. మూడో చోట ఫ్రీజర్ కింద ఉండేది చూపించి, కూరగాయల కోసం నడుం వంచే పని ఉండదన్నాడు. దాని రేటు చూశాక మా ఆయన నడుమే వంగింది. ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే ఇన్వర్టర్ అంట, కన్వర్టబుల్ అంట, స్టార్లంట, తల తిరిగిపోతోంది. పాత ఫ్రిజ్ పోయి మూడు రోజులైంది. పాలు, పెరుగు, దోశ పిండి అన్నీ పక్కింటావిడ ఫ్రిజ్‌లో. ఆవిడ ఏమీ అనలేదు గానీ తలుపు కొట్టడానికి నాకే మొహం చెల్లడం లేదు. రేపు పొద్దునే డబ్బు కట్టేయాలి, ఏది మంచిదో చెప్పండి చాలు.

తిరుచానూరు రోడ్డు:
ఎంతమంది? బడ్జెట్? ఎక్కడ పెడతారు?

కొర్లగుంట కోడలు:
నలుగురం అన్నా. పాతికవేల లోపు, మరీ మంచిదైతే ఇంకో రెండువేలు. ఎక్కడ పెడతామంటే ఏం చెప్పను, వంటింట్లోనే.

పాత వైర్‌మ్యాన్:
అమ్మా, ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు మీ వంటింటి ప్లగ్గులో ఎర్త్, అంటే లీకైన కరెంటును నేలలోకి దించే వైరు, ఉందా లేదా చూయించండి. ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను, చెప్పేది వినండి. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పైనున్న పెద్ద రంధ్రానికి వెనకాల వైరే లేని ఇళ్లు ఎన్ని చూశానో లెక్కలేదు. అద్దె ఇళ్లలో మరీ ఘోరం. ఫ్రిజ్ బాడీ ఇనుము, తడి చేత్తో తలుపు పట్టుకుంటారు, కింద తడిసిన నేల. చెప్పులు లేకుండా ముట్టుకుంటే జివ్వుమన్నదంటే అది ఫ్రిజ్ ఒక్కదాని తప్పే కాదు, ఎర్త్ లేకపోవడం కూడా. ఇంకోటి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి దానికే మిక్సీ, దానికే ఫ్రిజ్ తగిలించకండి. గోడ ప్లగ్గు ఒకటి ఫ్రిజ్‌కి విడిగా ఉండాలి. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలంలో నాలుగు చెంబుల నీళ్లు పోయడం కూడా మర్చిపోయారు జనం.

చంద్రగిరి కుర్రోడు:
తాతా, ఆమె అడిగింది ఏ ఫ్రిజ్ కొనాలని. అక్కా, ఇన్వర్టర్ ఫ్రిజ్ తీసుకో, కళ్లు మూసుకుని. కరెంట్ పోయినా ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

బైరాగిపట్టెడ మెకానిక్:
ఇదిగో ఈ మాటతోనే షాపుల వాళ్లు జనాన్ని ఆడుకుంటున్నారు. ఇన్వర్టర్ ఫ్రిజ్‌కీ ఇంట్లో బ్యాటరీతో ఉండే ఇన్వర్టర్‌కీ సంబంధం లేదు తమ్ముడూ. ఫ్రిజ్‌లో ఇన్వర్టర్ అంటే కంప్రెసర్ వేగం తగ్గించి పెంచే సర్క్యూటు. మామూలు కంప్రెసర్ అయితే ఆన్, లేకపోతే ఆఫ్. ఇది నెమ్మదిగా దాదాపు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, సౌండ్ తక్కువ, కరెంటు తక్కువ. బ్యాటరీ లోపల ఏమీ ఉండదు.

చంద్రగిరి కుర్రోడు:
మా ఇంట్లో ఇన్వర్టర్ మీదే నడుస్తోంది అన్నా. కళ్లారా చూస్తున్నా.

బైరాగిపట్టెడ మెకానిక్:
నడవదని నేనెక్కడన్నా? మామూలు కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దానికి ఇంటి ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ మెల్లగా మొదలవుతుంది కాబట్టి తట్టుకుంటుంది. అది దాని సైడ్ లాభం, పేరు అందుకు రాలేదు.

చంద్రగిరి కుర్రోడు:
అంటే నేను చెప్పిందే కదా.

బైరాగిపట్టెడ మెకానిక్:
కాదు.

మామిడి తోట:
ఫ్రీజర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. చిత్తూరు జిల్లాలో ఉండి మామిడి గుజ్జు దాచుకోకపోతే ఎట్లా? మేము బెంగుళూరా కాయ పండినాక గుజ్జు తీసి, చక్కెర కలిపి, జిప్ కవర్లలో పలచగా పరిచి పడుకోబెట్టి గడ్డకట్టిస్తాం. గడ్డకట్టినాక పుస్తకాల్లాగా నిలబెట్టేస్తే చోటు కలిసొస్తుంది. సంక్రాంతికి కూడా రసం తాగుతాం. దానికి సింగిల్ డోర్‌లో పైన ఉండే చిన్న ఐసు గూడు పనికిరాదు. మైనస్ 18 నిలబడాలి, అది డబుల్ డోర్‌లోనో విడి డీప్ ఫ్రీజర్‌లోనో కుదురుతుంది. నేనైతే చిన్న ఫ్రిజ్ ఒకటి, పక్కన 100 లీటర్ల డీప్ ఫ్రీజర్ ఒకటి అంటాను.

కొర్లగుంట కోడలు:
మాకు తోటలు లేవన్నా, గుజ్జు లేదు. ఐసు కూడా ఎండాకాలంలోనే. మా కష్టమల్లా పిండి డబరా, సాంబారు గిన్నె. నలుగురం అన్నాను గానీ తిరుపతిలో ఇల్లున్నాక నలుగురంటే నలుగురేనా చెప్పండి, దర్శనానికని నెలకు రెండు బ్యాచ్‌లు చుట్టాలు దిగుతారు. కొండ దిగి వచ్చేసరికి దోశలు రెడీగా ఉండాలి.

తిరుచానూరు రోడ్డు:
ఫ్రిజ్ పెట్టే చోటు కొలతలు?

గాంధీ రోడ్డు గుమాస్తా:
తొందరపడకండి మేడం. జీఎస్టీ తగ్గింది కదా, రేట్లు ఇంకా దిగుతాయి. పైగా శ్రీసిటీలో ఎల్‌జీ వాళ్ల ఫ్యాక్టరీ వస్తోంది, మన జిల్లాలోనే తయారైతే ఇంకా చవక.

లెక్కల మాస్టారు:
రెండూ తప్పే. 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గింది ఏసీలకు, పెద్ద టీవీలకు, గిన్నెలు కడిగే మిషన్లకు. ఫ్రిజ్‌లకు 2018 జులైలోనే 18 అయింది, అప్పటినుంచి అంతే. ఇక శ్రీసిటీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన చేశారు. అది తయారయ్యేదాకా పక్కింటావిడ ఫ్రిజ్‌లో పాలు పెట్టుకోమంటారా?

స్టార్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. సింగిల్ డోర్‌కీ ఫ్రాస్ట్ ఫ్రీకీ, అంటే ఐసు పేరుకోని రకానికీ, స్టార్ల లెక్క వేరువేరు. ఇందులో మూడు స్టార్లు, అందులో మూడు స్టార్లు ఒకటే అనుకుని పోల్చకూడదు. లేబుల్ మీద స్టార్ల కింద ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె ఉంటుంది, దాన్ని చూడండి. రెండు ఫ్రిజ్‌ల మధ్య 60 యూనిట్లు తేడా ఉందనుకుందాం, మీరు యూనిట్ ఆరు రూపాయల స్లాబులో ఉన్నారనుకుందాం. ఏడాదికి 360. ఎక్కువ స్టార్ల కోసం నాలుగు వేలు అదనంగా పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి పదకొండేళ్లు. లీటర్లలో కూడా రెండు అంకెలుంటాయి, మొత్తం ఒకటి, సామాను పట్టేది ఒకటి. షాపులో పెద్ద అంకే చెప్తారు.

గాంధీ రోడ్డు గుమాస్తా:
శ్రీసిటీ చిత్తూరు జిల్లా కదా సార్, నేను మన జిల్లా అన్నది అందుకే.

లెక్కల మాస్టారు:
2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. మన తిరుపతి ఉన్నదీ అందులోనే కాబట్టి మన జిల్లా అన్న మాట సరిపోయింది, వదిలేయండి.

పాత వైర్‌మ్యాన్:
స్టెబిలైజర్ అడగడం మర్చిపోకండి. లోపలే ఉంది సార్ అంటారు, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని అడగండి. సాయంత్రం వోల్టేజి పడిపోయి మీ వీధిలో ట్యూబ్‌లైట్ కొట్టుకుంటుందా? ఎర్త్ చూశారా?

బైరాగిపట్టెడ మెకానిక్:
అమ్మా, పాత ఫ్రిజ్ ఏమైంది? ఏ ఫ్రిజ్, ఎన్నేళ్లు? అది తెలిస్తే చెప్పడం తేలిక.

కొర్లగుంట కోడలు:
సింగిల్ డోర్ అన్నా, పద్నాలుగేళ్లది. గ్యాస్ పోయిందన్నారు.

బైరాగిపట్టెడ మెకానిక్:
ఊరికే పోదమ్మా.

కొర్లగుంట కోడలు:
ఊరికే పోలేదు లెండి. ఆదివారం మా ఆయన ఐసు పేరుకుపోయిందని స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచారు. పాల ప్యాకెట్ ఐసులో ఇరుక్కుంది, దాన్ని పెకలించబోయి. స్‌స్ అని సన్నగా చప్పుడొచ్చింది, కాసేపు నూనె వాసన, అంతే. ఆయన ఇప్పటికీ దానంతట అదే పోయిందనే అంటున్నారు. ఈ చర్చ ఆయన కూడా చదువుతారు కాబట్టి ఇంతటితో ఆపుతున్నా.

బైరాగిపట్టెడ మెకానిక్:
అనుకున్నా. నెలకు రెండు మూడు ఇట్లాంటివే వస్తాయి నాకు. ఆ ఐసు గూడు గోడే కూలింగ్ కాయిల్, పలచటి అల్యూమినియం రేకు, లోపల గ్యాస్ తిరుగుతుంటుంది. చిల్లు పడితే అతుకు వేసినా నిలుస్తుందని హామీ ఇవ్వలేం. ఇప్పుడొచ్చే ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్600ఎ అనే గ్యాస్, ఐసోబ్యూటేన్. వంటగ్యాస్ జాతిదే, కొద్దిగానే ఉంటుంది గానీ అంటుకునే గుణం ఉంది. కొత్తదాన్ని మాత్రం పొడవకండి. సింగిల్ డోర్‌లో ఐసు అర సెంటీమీటరు మందం కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కి వదిలేయాలి, దానంతట అదే కరిగి దిగుతుంది. పొడిచే అలవాటు మానలేరనుకుంటే ఫ్రాస్ట్ ఫ్రీ డబుల్ డోర్ తీసుకోండి, అందులో ఐసు కట్టదు, చిన్న హీటరే కరిగించేస్తుంది.

చంద్రగిరి కుర్రోడు:
అందుకే మొదటే చెప్పా, డబుల్ డోర్ ఇన్వర్టర్ అని.

బైరాగిపట్టెడ మెకానిక్:
డబుల్ డోర్ అని నువ్వు అనలేదు.

తిరుచానూరు రోడ్డు:
కొలతలు చెప్పండి అని మూడోసారి అడుగుతున్నా.

కొర్లగుంట కోడలు:
చెప్తున్నా అన్నా, టేపు దొరక్క జాకెట్లు కొలిచే టేపుతో కొలిచా. గూడు వెడల్పు 25 అంగుళాలు, లోతు 27, ఎత్తు 54. పాత ఫ్రిజ్ అక్కడే ఉండేది కదా, ఇది చెప్పాల్సిన సంగతని అనిపించలేదు.

తిరుచానూరు రోడ్డు:
గూడా? పైన ఏముంది?

కొర్లగుంట కోడలు:
కడప బండ. దాని మీద పప్పు డబ్బాలు, ఊరగాయ జాడీలు. ఇల్లు కట్టినవాళ్లే అట్లా పెట్టించారు. మేం అద్దెకుంటున్నాం.

తిరుచానూరు రోడ్డు:
240 డబుల్ డోర్ ఐదడుగులకు అటూఇటూ ఉంటుంది. 54 అంగుళాలంటే నాలుగున్నర అడుగులు. దూరదు. ఫ్రీజర్ కింద ఉండేది ఇంకా ఎత్తు. అయిపోయింది.

లెక్కల మాస్టారు:
ఇంతసేపూ లేని ఫ్రిజ్ గురించి కొట్టుకున్నామన్నమాట.

చంద్రగిరి కుర్రోడు:
హాల్లో పెట్టుకోవచ్చు కదా అక్కా.

కొర్లగుంట కోడలు:
హాల్లో చుట్టాలు పడుకుంటారు తమ్ముడూ.

బైరాగిపట్టెడ మెకానిక్:
సరే, అయితే సింగిల్ డోరే. కింద ఉల్లిగడ్డల అర ఉన్న మోడల్ తీసుకుంటే ఎత్తు పెరిగి బండకు దగ్గరవుతుంది, అది లేనిది చూడండి. ఆ అరలో ఎట్లాగూ చల్లదనం ఉండదు, ఉల్లిగడ్డలు బుట్టలో ఉన్నా అంతే. వెనకా పక్కలా కొంచెం గాలి ఆడాలి, గూడు కాబట్టి మరీ ముఖ్యం. పక్కల మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఆ వేడి బయటికి పోవాలి. ఇంకోటి ఎవరూ చూడరు, ఫ్రిజ్ మీద స్టిక్కర్‌లో క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎస్‌టీ అంటే 38 డిగ్రీల వేడి దాకా, టీ అంటే 43 దాకా. మన ఊరి మే నెలకు టీ ఉన్నది చూసుకోండి.

తిరుచానూరు రోడ్డు:
డబరా షాపుకు తీసుకెళ్లండి. అరలో పెట్టి తలుపు వేసి చూడండి. తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా.

కొర్లగుంట కోడలు:
డబరా పట్టుకుని షాపుకు వెళ్లడమా? మా ఆయన వస్తే గదా.

మామిడి తోట:
ఫ్రీజర్ సంగతి ఆలోచించమ్మా, మంచం కింద కూడా పట్టే సైజువి వస్తాయి.

లెక్కల మాస్టారు:
మంచం కింద పట్టే డీప్ ఫ్రీజర్ ఎక్కడ చూశారు?

మామిడి తోట:
మా మంచం ఎత్తు సార్.

కొర్లగుంట కోడలు:
(మర్నాడు) తీసుకున్నాం. సింగిల్ డోర్, 200 లీటర్లకు కాస్త తక్కువ, కింద అర లేదు, స్టిక్కర్‌లో టీ ఉంది. మధ్య గాజు పలక ఒకటి తీసేస్తే డబరా నిలబడింది. షాపు కుర్రాడు పిండి కూడా తేవాల్సింది మేడం అన్నాడు. మా ఆయన రోడ్డు మీదే నిలబడ్డారు, లోపలికి రాలేదు. థ్యాంక్స్ అందరికీ. స్క్రూడ్రైవర్ దాచేశా.

మామిడి తోట:
పాత ఫ్రిజ్ ఏం చేస్తారు? మా తోట గదిలో ఎలుకలకు అందకుండా విత్తనాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది, బండి పంపిస్తా.

పాత వైర్‌మ్యాన్:
ఎర్త్ చూయించారా లేదా చెప్పలేదు.